బండికి మెరుపు, పెయింటరుకు దగ్గు

మూడేళ్ల క్రితం ఒక ఆదివారం నేను క్లియర్ కోటు మీద ప్రసంగం చేశాను. అంతకు ముందు వారమే నా పాత స్ప్లెండర్‌కు రంగు వేయించుకున్నాను. షెడ్డులో బల్ల మీద కూర్చుని చూసిన పని ఇంకా కళ్లలోనే ఉంది. రంగు ఎంత బాగా కొట్టినా మొదట సుద్దముక్కలా మందంగా కనిపిస్తుందనీ, దాని మీద కంటికి కనపడని క్లియర్ పడ్డాకే మెరుపు వస్తుందనీ, ఎండనూ వాననూ పెట్రోలునూ తట్టుకునేది ఆ పై పొరేననీ చెప్పి, మన బ్రతుకు మీద దేవుని కృప కూడా అలాంటి పొరేనన్నాను. ఆమెన్‌లు బాగానే వచ్చాయి. యూత్ పిల్లలు ఆ ముక్క వరకు కత్తిరించి స్టేటస్ పెట్టుకున్నారు.

నా బండికి క్లియర్ కొట్టిన తమ్ముడు ఆ ఆరాధనలోనే మూడో వరుసలో కూర్చున్నాడు. ప్రసంగం మధ్యలో దగ్గు ఆపుకోలేక రెండుసార్లు బయటికి వెళ్లివచ్చాడు. నిజం చెప్పాలంటే నాకు కాస్త చిరాకు వేసింది. అతని పని ఉపమానంగా నా నోట్లో ఉంది, అదే పని దగ్గుగా అతని ఛాతీలో ఉంది. ఆ రెండింటికీ సంబంధం ఉందని ఆ రోజు నాకు తట్టలేదు. ఈ వ్యాసం ఆ ప్రసంగానికి దిద్దుబాటు అనుకోండి.

మాది హోసూరు. తెలుగువాళ్లం ఇక్కడ తరతరాలుగా ఉన్నవాళ్లం. షెడ్డుల దగ్గర నిలబడితే తెలుగు, కన్నడ, తమిళం మూడూ ఒకే మాటలో కలిసి వినిపిస్తాయి. మోటారు సైకిళ్లు తయారయ్యే ఊరు కూడా ఇది. కంపెనీలో కొత్త బండికి రంగు పడే చోటు మూసిన గది. పైనుంచి కిందికి గాలి వీస్తుంది, కొట్టిన తుంపరను లోపలికి లాగేసే ఏర్పాటు ఉంటుంది. అదే బండి పదేళ్లు తిరిగి, వన్నె పోయి, ట్యాంకుకు సొట్ట పడి మళ్లీ రంగుకు వచ్చే చోటు వేరు. మూడు వైపుల రేకులు, ఒక వైపు రోడ్డు, మూలన కంప్రెషరు, పక్కన టీ అంగడి.

పని ఎలా సాగుతుందో కొంచెం చెప్పాలి. మనలో చాలామందిమి బండి ఇచ్చేసి వారం తర్వాత వచ్చి తీసుకునేవాళ్లమే కదా. ట్యాంకు, సైడు ప్యానెళ్లు, మడ్‌గార్డులు విప్పుతారు. పాత రంగును వాటర్ పేపరుతో రుద్దుతారు. సొట్టల్లో పుట్టీ నింపి మళ్లీ రుద్దుతారు. ప్రైమరు కొట్టి, ఆరాక సన్న పేపరుతో నున్న చేస్తారు. అప్పుడు బేస్ రంగు. ఒకేసారి దట్టంగా కొట్టరు. రెండు మూడు పలచని చేతులు, చేతికీ చేతికీ మధ్య పది పదిహేను నిమిషాల ఎడం. మెటాలిక్ రంగయితే మరీ జాగ్రత్త. గన్ను ఒకచోట క్షణం ఆగితే చాలు, వెండి పొడి అక్కడ పేరుకుని మచ్చ కడుతుంది. స్టిక్కర్లు, పిల్లల పేర్లు, మనవాళ్లు ట్యాంకు మీద రాయించుకునే వాక్యాలు పడేది కూడా ఇప్పుడే, ఎందుకంటే క్లియర్ వాటి మీదుగా వెళ్లాలి.

బేస్‌లో తడి నిగారింపు పూర్తిగా పోయాకే క్లియర్ మొదలుపెట్టాలి. తొందరపడితే లోపల చిక్కుకున్న థిన్నరు బయటికి రాలేక సూదిమొన బుడగలు వేస్తుంది. మరీ ఆలస్యం చేస్తే క్లియర్ కింది రంగును పట్టుకోదు, కొన్నాళ్లకు పొలుసులా లేస్తుంది. మొదటి చెయ్యి పలచగా, వేలికి జిగురు తగిలేంత. రెండో చెయ్యి నిండుగా, తడిగా. తక్కువ పడితే నారింజ తొక్కలా గరుకు తేలుతుంది, ఎక్కువ పడితే ట్యాంకు పక్కల నుంచి కన్నీటి చారల్లా కారుతుంది. గట్టిపడ్డాక సన్న పేపరుతో నీళ్లు పెట్టి తీసి, కాంపౌండుతో పాలిష్ పడితే అద్దమే. ఆ కారడానికీ గరుకుకూ మధ్యనున్న సన్నని దారిలో గన్ను నడపడం నేర్చుకోవడానికి మా తమ్ముడికి పన్నెండేళ్లు పట్టింది. ట్యాంకు మీద ట్యూబ్‌లైటు నీడ ఎక్కడా వంకర పోకుండా కనబడితే, ఆ క్లియర్ అతనిదేనని మిగతా షెడ్డులవాళ్లు కూడా చెప్పేవారు.

క్లియర్‌లో రెండు రకాలు ఉన్నాయి. ఒకటి డబ్బా తెరిచి, థిన్నరు కలిపి కొట్టేది, గాలికి ఆరేది. షెడ్డులో వన్-కె అంటారు. చవక. కానీ ట్యాంకు మూత దగ్గర పెట్రోలు నాలుగుసార్లు ఒలికితే మెత్తబడి లేచిపోతుంది. రెండోది టూ-కె. ఇందులో క్లియర్ ఒక డబ్బా, హార్డెనర్ ఇంకో డబ్బా. కంపెనీని బట్టి రెండుకు ఒకటి, లేదా నాలుగుకు ఒకటి పాళ్లలో కలుపుతారు. కలిపిన క్షణం నుంచి లోపల రసాయన చర్య మొదలవుతుంది. కాసేపటికి కప్పులోనే చిక్కబడి పనికిరాకుండా పోతుంది, అందుకే కలిపాక చెయ్యి ఆగకూడదు. ఇది ఎండను, గీతలను, పెట్రోలును బాగా ఓర్చుకుంటుంది. కాబట్టి మంచి పని కావాలన్న ప్రతివాడూ "టూ-కె కొట్టన్నా" అంటాడు. నేనూ అలాగే అన్నాను.

ఆ రెండో చిన్న డబ్బాలోనే ఉంది సంగతంతా. హార్డెనర్‌లో ఉండేవి ఐసోసయనేట్లు. ఎక్కువగా హెక్సామిథిలీన్ డైఐసోసయనేట్ అనే పదార్థం నుంచి చేసినవి. ఆ పేరు నోరు తిరగకపోయినా, దాని చుట్టం పేరు మన దేశంలో అందరికీ తెలుసు. 1984 డిసెంబరు రాత్రి భోపాల్ మీద పడింది మిథైల్ ఐసోసయనేట్. అదీ ఇదీ ఒకటి కాదు. అది ఇట్టే ఆవిరై ఊరి మీద పరుచుకునే ద్రవం. ఇది గన్నులోంచి తుంపరగా లేచి, పని చేసేవాడి ముక్కు ముందే తేలేది. ఆ పేరు ఎత్తింది భయపెట్టడానికి కాదు. ఒక రాత్రిలో వేలమందిని చంపితే దేశమంతా పేరు గుర్తు పెట్టుకుంటుంది. ఒక్కొక్కరి ఊపిరినీ ఏళ్ల తరబడి కొంచెం కొంచెంగా తీసుకుపోతే మనం దాన్ని "పడని గాలి" అంటాం, "చలి" అంటాం, "బీడీలు మానెయ్యి" అంటాం. మా తమ్ముడు జీవితంలో బీడీ ముట్టలేదు.

ఈ తుంపర చేసే పని ఆస్తమా తెప్పించడం. చాలాకాలం ఏమీ కాకుండా కొడుతూ ఉన్నవాడికి ఒకనాడు ఒళ్లు దాన్ని శత్రువుగా గుర్తించేస్తుంది. ఆ తర్వాత ఇక రవ్వంత తగిలినా ఛాతీ పట్టేస్తుంది. ఇంకో చిక్కు ఏమిటంటే, బిగువు గన్ను పట్టిన వెంటనే రాకపోవచ్చు. సాయంత్రమో అర్ధరాత్రో వస్తుంది. అందుకని మనిషి తన పనిని అనుమానించడు, పరుపును, దుమ్మును, రాత్రి తిన్న పెరుగును అనుమానిస్తాడు. వాసన చూసి తప్పుకుందామన్నా వీలు కాదు, హాని చేసేంత మోతాదులో కూడా అది ముక్కుకు తెలియదు. షెడ్డులో మనకు ఘాటుగా తగిలేది థిన్నరు వాసన. బ్రిటన్‌లో పనిచోట్ల ఆరోగ్య భద్రత చూసే ప్రభుత్వ సంస్థ, అక్కడి వాహనాల పెయింటర్లకు ఆస్తమా వచ్చే అవకాశం మిగతా కార్మికులతో పోలిస్తే దాదాపు 80 రెట్లు ఎక్కువని చెబుతుంది. మూసిన బూతులు, తనిఖీ అధికారులు ఉన్న దేశం మాట అది. రేకుల షెడ్డు సంగతి మీరే ఆలోచించుకోండి.

మా తమ్ముడు ముక్కుకు కట్టుకునేది చేతిరుమాలు. కరోనా తర్వాత నీలం రంగు మాస్కు కూడా వచ్చింది. రెండూ ఒకటే, ఈ తుంపరకు రెండూ అడ్డం కావు. బొగ్గు డబ్బాలున్న రబ్బరు మాస్కు వీటికంటే చాలా మేలు, కానీ ఆ బొగ్గు ఎప్పుడు నిండిపోయిందో తెలియజేసే వాసన ఈ పదార్థానికి లేదని ఇందాకే చెప్పాను. అందుకే గన్నుతో టూ-కె కొట్టేవారికి సరైనది గొట్టం ద్వారా బయటి మంచి గాలిని ముఖానికి అందించే మాస్కు. షెడ్డులో కంప్రెషరు ఎలాగూ ఉంటుంది. దాని గాలిలో నూనె తుంపర, పొగ కలవకుండా వడపోత పెట్టాలి, గన్నుకూ మాస్కుకూ రెండింటికీ చాలేంత గాలి ఇచ్చే సత్తా దానికి ఉండాలి, గాలి పీల్చుకునే చోటు తుంపరకు దూరంగా ఉండాలి. చేతికి గ్లవ్స్, ఒంటికి నిండు చేతుల చొక్కా కూడా కావాలి, ఎందుకంటే చర్మానికి తగిలినా మంచిది కాదు. ఇందులో మనకు అందనిది ఏదీ లేదు. మా యూత్ పిల్లల జేబుల్లో ఉన్న సెల్‌ఫోన్లలో ఒకదాని ఖరీదు.

ఇక ప్రార్థన సంగతి. ఇది రాయడమే నాకు కష్టంగా ఉంది.

ఆ తమ్ముడి దగ్గు కోసం మేము చాలా ప్రార్థించాం. శుక్రవారం ఉపవాస కూడికలో చేతులుంచి ప్రార్థించాను. ఆ ఏడు ఆయుధపూజకు ముందు షెడ్డులో రాత్రీ పగలూ పని పడి దగ్గు ముదిరింది. క్రిస్మస్‌కు అత్తగారి ఊరు వెళ్లి పది రోజులున్నాడు. దగ్గు లేదు, ఆయాసం లేదు, రాత్రి వెల్లకిలా పడుకుని నిద్రపోయాడు. డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో లేచి సాక్ష్యం చెప్పాడు. అతని తల్లి ఏడ్చింది. అందరం ఏడ్చాం. సంక్రాంతి కాకముందే మళ్లీ మొదలైంది. ఈసారి సంఘంలో గుసగుసలు కూడా తోడయ్యాయి. స్వస్థత పొంది కూడా నిలుపుకోలేకపోయాడని ఒకరు, కానుక మొక్కుకుని ఇవ్వలేదేమో అని ఇంకొకరు. నేను వాళ్లను గద్దించలేదు. నా దగ్గర కూడా వేరే జవాబు లేదు మరి.

ప్రభుత్వ ఆసుపత్రిలో ఒక డాక్టరమ్మ అతన్ని అడిగిన మొదటి ప్రశ్న ఇది: "సెలవుల్లో తగ్గుతుందా?" రెండో ప్రశ్న: "ఏం పని చేస్తావు?" ఊదే గొట్టం పెట్టి పరీక్ష చేయించింది. అతను ఇంటికి వచ్చి, "అయ్యగారూ, పని మానమంటున్నారు" అన్నాడు. ఏడాది పాటు చేతులుంచి ప్రార్థించిన నేను ఆ రెండు ప్రశ్నల్లో ఒక్కటీ అడగలేదు. అతను ఏం పని చేస్తాడో నాకు తెలుసు. ఆ పని మీద ప్రసంగమే చేశాను.

ప్రార్థన పని చేయలేదని నేను అనడం లేదు. ఆ పది రోజుల ఊపిరి కూడా దేవుడిచ్చిందే. మంటి బొమ్మ ముక్కులో దేవుడు తానే జీవవాయువు ఊదాడని ఆదికాండము చెబుతుంది. మనిషి ఊపిరికి అంత విలువ కట్టిన గ్రంథం పట్టుకుని నిలబడినవాడు, ఎదుటివాడి ముక్కు ముందు ఏముందో చూడకుండా కళ్లు మూసుకుని ప్రార్థించడం సరికాదంటున్నాను. ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయంలో ఒక చిన్న ఆజ్ఞ ఉంది. కొత్త ఇల్లు కట్టేవాడు డాబా చుట్టూ పిట్టగోడ కట్టాలని, లేకపోతే పైనుంచి ఎవరైనా పడినప్పుడు ఆ రక్తం ఆ ఇంటి మీద ఉంటుందని. ఎవరూ పడకముందే కట్టమన్న గోడ అది. పడినవాడు చూసుకోవద్దా అని ఆ ఆజ్ఞ అడగలేదు, ఇంటివాడినే అడిగింది. బైకు రంగు విషయంలో ఇంటివాడు ఎవరని నన్ను నేను చాలా రోజులు ప్రశ్నించుకున్నాను.

షెడ్డు ఓనరే కదా అంటారు. అవును, ముందు అతనే. కానీ అతను కూడా నిన్నటిదాకా గన్ను పట్టినవాడే, అద్దె కట్టాలి, పక్క షెడ్డువాడు రెండొందలు తగ్గిస్తే గిరాకీ అటు పోతుంది. ప్రభుత్వం కదా అంటారు. 1948 ఫ్యాక్టరీల చట్టం ప్రకారం కరెంటు వాడేచోట కనీసం పదిమంది పనిచేస్తేనే అది ఫ్యాక్టరీ. 2020 నాటి కొత్త కోడ్‌లో ఆ పదిని ఇరవై చేశారు. ముగ్గురుండే షెడ్డు ఆ లెక్కలోకి అప్పుడూ రాలేదు, ఇప్పుడైతే ఇంకా దూరం జరిగింది. ఇక మిగిలింది బండి ఇచ్చినవాడు. అంటే నేను. మేస్త్రీ చెప్పిన రేటులో ఐదు వందలు తగ్గించమని, "దేవుని సేవకుణ్ణి, చూసి తీసుకో తమ్ముడూ" అని కూడా అన్నాను. అతను నవ్వి తగ్గించాడు. రంగులో తగ్గించలేదు, క్లియర్‌లో తగ్గించలేదు, నా బండి ఇప్పటికీ మెరుస్తోంది. ఆ ఐదు వందలు ఎక్కడ తగ్గి ఉంటాయో వేరే చెప్పాలా.

మెరుపు వ్యర్థం, ఆడంబరం, మానేస్తే సరి అని కొందరు సోదరులు సులువుగా తేల్చేస్తారు. సున్నం కొట్టిన సమాధులు అంటూ వాక్యం కూడా ఎత్తుతారు. నేను ఒప్పుకోను. బేస్ రంగు ఒంటరిగా ఎండకు నిలిచేది కాదు, క్లియర్ లేకపోతే త్వరలోనే వెలిసి ఊడుతుంది, కింద ఇనుము తుప్పు పడుతుంది. ఇరవై ఏళ్ల బండిని ఇంకో ఐదేళ్లు నడిపించుకోవాలనుకునే పాలవాడికి క్లియర్ ఆడంబరం కాదు. పైగా పెయింటరుకు తన పని మీద ఉన్న గర్వాన్ని మనం ఎందుకు కించపరచాలి? మా తమ్ముడి తాత చెప్పులు కుట్టాడు. తండ్రి ఊరి రోడ్లు ఊడ్చాడు. ఇతను పదహారేళ్లకు షెడ్డులో చేరినప్పుడు తండ్రి నాతో ఒక మాటన్నాడు: "అయ్యగారూ, ఈ పనికి కులం పేరు లేదు." వాడలోకి వచ్చి ఎవరైనా అతన్ని "కలర్ మేస్త్రీ" అని పిలిస్తే ఆ పెద్దాయన మొహం చూడాలి. అలాంటి పనులు మనవాళ్లకు ఎన్ని దొరికాయి? దొరికిన ఒక పనినీ ఊపిరి అడ్డం పెట్టి చేయాల్సి వస్తే, పాత పనుల్లో మనవాళ్లు పోగొట్టుకున్నదే ఇక్కడా పోగొట్టుకుంటున్నట్టు. మురికి కాలువలో దిగినవాడి ఊపిరి గురించి మనం ఊరేగింపులు చేశాం, చేయాలి కూడా. షెడ్డులో ఉన్నవాడి ఊపిరి మాత్రం మన కరపత్రాల్లో ఎక్కడా లేదు. చేతిలో గన్ను, ఎదురుగా మెరుపు ఉండేసరికి అతను బాధితుడిలా కనిపించడు.

తమ్ముడు పని మానేశాడు. షెడ్డులోనే పుట్టీ, రుద్దుడు పనులు చేసుకోవచ్చని ఓనరు మంచి మనసుతోనే అన్నాడు కానీ, ఒకసారి ఒళ్లు తిరగబడ్డాక పక్కన ఇంకొకరు కొట్టే తుంపర కూడా చాలు. ఇప్పుడు తెల్లవారుజామున గులాబీ కట్టలు మోసే టెంపో నడుపుతున్నాడు. జీతం సగానికి సగం తగ్గింది. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు పక్క బైకు ట్యాంకు వైపు చూస్తాడట. చూసి, "అన్నా, రెండో చెయ్యి తొందరపడ్డారు" అని తనలో తాను అనుకుంటాడట. నవ్వుతూనే చెప్పాడు.

యౌవనులారా, మీలో బండి ప్రేమికులు చాలామంది ఉన్నారు. మ్యాట్ బ్లాక్ అంటారు, క్యాండీ రెడ్ అంటారు. రంగు మార్చితే ఆర్‌సీలో కూడా మార్పించుకోవాలన్న సంగతి మీకు పోలీసు ఆపినప్పుడు గుర్తొస్తుంది, అది వేరే విషయం. రంగుకు ఇచ్చే ముందు ఇంకొక్క ప్రశ్న అడగండి: కొట్టేటప్పుడు గాలి మాస్కు పెట్టుకుంటారా అన్నా? లేదంటే బేరం ఆపి, దాని కోసం ఒక మొత్తం కలిపి ఇవ్వండి, కలిపినట్టు బిల్లులో రాయమనండి. పదిమంది అడిగితే ఓనరు కొంటాడు. ట్యాంకు తప్ప మిగతా భాగాలకు, పెట్రోలు తగలని చోట, వన్-కె సరిపోతుందేమో మేస్త్రీతో మాట్లాడండి. దాని వల్ల థిన్నరు బాధ పోదు, నిలకడ తక్కువ, కానీ హార్డెనర్ ఉండదు. వీడియోలు చూసి మిద్దె మీద మీరే కొట్టుకునేవాళ్లు కూడా ఉన్నారు. అడుగున బటను నొక్కి కొట్టే టూ-కె స్ప్రే డబ్బాలో ఉన్నదీ అదే హార్డెనర్. మిద్దె మీద గాలి వీస్తుందిలే అనుకుంటే, ఆ గాలి వెళ్లేది పక్కింటి కిటికీలోకే.

సంఘ పెద్దలకు నా మనవి వేరు. కొత్త బండి కొన్నవారు తాళంచెవి తెచ్చి గుడి మెట్ల దగ్గర ప్రార్థన చేయించుకుంటారు, మనం సంతోషంగా చేస్తాం. ప్రార్థన చేసే కాపరి తన సంఘంలో ఎంతమంది గన్ను పడుతున్నారో, ఎంతమంది వెల్డింగు చేస్తున్నారో, ఎవరికి సెలవుల్లో దగ్గు తగ్గుతుందో ఒక పుస్తకంలో రాసుకుంటే బాగుంటుంది. ఏడాదికోసారి వాళ్లను ఊది చూసే పరీక్షకు తీసుకెళ్లడానికి పెద్ద ఖర్చు ఉండదు. తొలి రోజుల్లోనే పట్టుబడి, గన్నుకు దూరమైతే చాలామంది తేరుకుంటారు. ఆలస్యమైన కొద్దీ కష్టం. తమిళనాడులో అసంఘటిత డ్రైవర్లకూ వాహనాల వర్క్‌షాపు కార్మికులకూ కలిపి ఒక సంక్షేమ మండలి ఉంది. మా వాడలో అందులో పేరు నమోదైనవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. ఫారాలు తమిళంలో ఉండటం, మనవాళ్లకు తమిళం మాట వచ్చి రాత రాకపోవడం ఒక కారణం. కర్ణాటకలో ఉన్నవారికి కన్నడంతో, ఒడిశాలో ఉన్నవారికి ఒడియాతో ఇదే తంటా ఉంటుందని తెలుసు. మూడు భాషలు చదవగలిగిన యూత్ పిల్లలు మన గుళ్లలో గిటారు వాయిస్తున్నారు. వాయించనివ్వండి, నెలకు ఒక శనివారం ఫారాలు కూడా నింపమనండి. 2021లో వచ్చిన ఇ-శ్రమ్ కార్డు కూడా చాలామందికి లేదు.

మేము చేసింది చాలా చిన్నది. పోయిన ఏడాది కోత పండుగ కానుకలో కొంత తీసి, తమ్ముడు పనిచేసిన షెడ్డుకే ఒక గాలి మాస్కు, వడపోత కొన్నాం. గుడి డబ్బు ఇతరుల షెడ్డుకా అని కమిటీలో ఇద్దరు సంతకం పెట్టలేదు. ఓనరు సగం వేసుకున్నాడు. ఇప్పుడక్కడ గన్ను పట్టేది ఇరవై ఏళ్ల కుర్రాడు, తమ్ముడి దగ్గరే పని నేర్చుకున్నవాడు, మన సంఘం కాదు. మొన్న వెళ్లినప్పుడు మాస్కు పెట్టుకునే కొడుతున్నాడు. చూసి సంతోషించాను. రెండో చెయ్యి అయ్యాక గన్ను ఆపాడు, వెంటనే మాస్కు నుదుటి మీదికి ఎత్తి, ట్యాంకుకు మొహం ఆనించేంత దగ్గరగా వంగి మెరుపు చూశాడు. తుంపర ఇంకా గాలిలోనే ఉంది, ట్యూబ్‌లైటు వెలుగులో కనిపించదంతే. "దించు నాయనా" అని అరిచాను. ఉలిక్కిపడి దించాడు. ఎంతసేపు ఆగాలన్నా అని అడిగాడు. నాకు తెలియలేదు, ఓనరుకూ తెలియలేదు. బూతులున్న చోట పొగ నింపి, అది కనిపించకుండా పోవడానికి ఎంతసేపు పడుతుందో గడియారం పెట్టి చూస్తారని చదివాను. ఈ సోమవారం షెడ్డుకు సెలవు. సాంబ్రాణి పొగ పెట్టి చూద్దామనుకున్నాం. టీ అంగడి ఆవిడను కూడా రమ్మన్నాం, పొగ ఆమె వైపే వెళుతుందేమోనని ఓనరు అనుమానం.